కలం పేరుతో రాయదలచినవారు ముందే తేల్చుకోవలసిన విషయాలు

శ్రీరంగం శ్రీనివాసరావు, భాగవతుల సదాశివ శంకర శాస్త్రి, శివరాజు వెంకట సుబ్బారావు, రాయసం వెంకట త్రిపురాంతకేశ్వరరావు, పెనుమర్తి విశ్వనాథ శాస్త్రి, పోపూరి లలితకుమారి, షేక్ ఖాజా హుస్సేన్ అనే పేర్లు వరసగా చదివితే సాహిత్యం బాగా చదివినవారు కూడా ఒకటి రెండు చోట్ల ఆగి ఆలోచిస్తారు. శ్రీశ్రీ, ఆరుద్ర, బుచ్చిబాబు, త్రిపుర, అజంతా, ఓల్గా, దేవీప్రియ అంటే మాత్రం వెంటనే పోల్చుకుంటారు. ఆధునిక తెలుగు సాహిత్యంలో ఇంత పెద్ద భాగం కలం పేర్ల మీద నిలిచి ఉన్నా, కొత్తగా రాసేవారికి ఆ పేరు ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పేవారు తక్కువ. మొదటి కథ పత్రికకు పంపే ముందు రాత్రి తోచిన పేరు ఒకటి కింద రాసేసి, ఆ తరువాత పారితోషికం చెక్కు బ్యాంకులో జమ కాకపోయినప్పుడో, అదే పేరుతో మరొకరు రాస్తున్నారని తెలిసినప్పుడో, కార్యాలయంలో పై అధికారి పిలిచి అడిగినప్పుడో ఇబ్బంది పడేవారు చాలామంది ఉన్నారు. ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం ముందుగా ఆలోచించుకుంటే రానివే.

ఎవరికి తెలియకూడదు, ఎంతకాలం

పేరు గురించి ఆలోచించే ముందు తేల్చుకోవలసింది ఇదే. మీ అసలు పేరు పాఠకులకు తెలియకపోతే చాలా, ఇంట్లోవారికి, కార్యాలయంలోవారికి కూడా తెలియకూడదా, చివరికి పత్రిక సంపాదకుడికి కూడా తెలియకూడదా అన్నదాన్ని బట్టి మీరు చేయవలసిన పనులన్నీ మారిపోతాయి.

మన రచయితల్లో ఎక్కువమంది కలం పేర్లు రహస్యాలు కావు. పొడుగాటి పేరును నోటికి పట్టేలా కుదించుకున్నవారు కొందరు, అసలు పేరుకంటే తమ రచనకు తగినట్టు వినిపించే పేరు కోరుకున్నవారు కొందరు. చాగంటి సోమయాజులు చాసో అయినా, రాచకొండ విశ్వనాథ శాస్త్రి రావిశాస్త్రి అయినా ఆ పేరు వెనుక ఎవరున్నారో ఎవరికీ సందేహం లేదు. ఇలాంటి పేరుకు పెద్ద జాగ్రత్తలేమీ అక్కరలేదు. పుస్తకం లోపలి పేజీలో అసలు పేరు వేసుకోవచ్చు, సభల్లో మాట్లాడవచ్చు, అవార్డు తీసుకోవచ్చు.

రాజకీయ అవసరం కోసం పెట్టుకున్న పేర్లు వేరు. కె.జి. సత్యమూర్తి విప్లవోద్యమంలో ఉంటూ శివసాగర్ పేరుతో కవిత్వం రాశారు. అంతకు చాలా ముందు, 1908లో ధన్‌పత్ రాయ్ నవాబ్ రాయ్ అనే పేరుతో ప్రచురించిన ఉర్దూ కథల సంపుటిని ఆంగ్ల ప్రభుత్వం రాజద్రోహం కింద స్వాధీనం చేసుకున్న తరువాతే ఆయన ప్రేమ్‌చంద్ అనే పేరుకు మారారు. పేరు మార్చుకోకపోతే ఆయన మళ్లీ రాయగలిగేవారు కాదేమో. కుటుంబం నుంచి దాచుకోవలసి వచ్చినవారూ ఉన్నారు. తమిళ కవయిత్రి సల్మా అత్తవారింట్లో ఎవరికీ తెలియకుండా చాలాకాలం ఆ పేరుతోనే రాశారు.

పూర్తి రహస్యానికి చెల్లించవలసిన మూల్యం ఎక్కువ. మీ పుస్తకావిష్కరణకు మీరు వెళ్లలేరు, విమర్శకు ఎదురుగా జవాబు చెప్పలేరు, మీ రచనను ఎవరైనా తమదిగా చెప్పుకుంటే దావా వేయడానికి ముందు బయటపడాలి. నా అభిప్రాయంలో, భద్రతకో ఉద్యోగానికో కుటుంబ శాంతికో నిజమైన ప్రమాదం ఉన్నవారు తప్ప మిగిలినవారు బహిరంగమైన కలం పేరుతో సరిపెట్టుకోవడమే మేలు. సంకోచం వల్ల మాత్రమే దాక్కోవాలనుకునేవారికి ఆ సంకోచం రెండు మూడు కథలు అచ్చయ్యాక దానంతటదే తగ్గిపోతుంది, రహస్యం మాత్రం మెడకు చుట్టుకుని ఉంటుంది.

పేరు ఎంపిక

మన పూర్వులు పేరు కట్టుకున్న పద్ధతులను గమనిస్తే మీకు పనికివచ్చే దారి ఒకటి దొరుకుతుంది. అన్నిటికంటే సులభమైనది అసలు పేరులోని అక్షరాలనే కూర్చుకోవడం. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి జరుక్ శాస్త్రి అయ్యారు, భమిడిపాటి రామగోపాలం భరాగో అయ్యారు, సింగిరెడ్డి నారాయణరెడ్డి సినారె అయ్యారు. వీటిలో నాకు అన్నిటికంటే చక్కగా కుదిరినదిగా కనిపించేది కందుల వరాహ నరసింహ శర్మ గారి పేరు. ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలను వరసగా తీసుకుంటే కవనశర్మ తయారయింది. చదివినవారికి అది సహజమైన పేరే అనిపిస్తుంది, లోపల అసలు పేరు మొత్తం ఉంటుంది. ఈ పద్ధతిలో ఉన్న లాభం ఏమిటంటే, పేరు మీదేనని తరువాత నిరూపించుకోవడం కష్టం కాదు.

రచన నుంచే పేరు రావడం మరో పద్ధతి, అయితే దాన్ని మనం ఎంచుకోలేము, పాఠకులే ఇస్తారు. దొంగరి మల్లయ్య నవీన్ పేరుతో రాసిన 'అంపశయ్య' నవలకు వచ్చిన గుర్తింపుతో ఆయన అంపశయ్య నవీన్‌గా స్థిరపడ్డారు. భరణి అనే పేరుతో కవిత్వం రాసుకుంటూ ఉండిన చెంబోలు సీతారామశాస్త్రి 1986లో వచ్చిన సినిమాతో సిరివెన్నెల సీతారామశాస్త్రి అయ్యారు. అంటే మొదట పెట్టుకున్న పేరు చివరిదాకా ఉంటుందని గట్టిగా చెప్పలేము. అందువల్ల దాని మీద మరీ బెంగ పెట్టుకోనక్కరలేదు.

ఒక ప్రకటనగా పేరు పెట్టుకోవడం ఇంకో పద్ధతి. 1965లో తొలి సంపుటితో వచ్చిన దిగంబర కవులు ఆరుగురూ పాత పేర్లను వదిలేసి వచ్చారు. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యారు, కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు, కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయ్యారు. జ్వాలాముఖి, భైరవయ్య కూడా అలా వచ్చినవారే. ఆ పేర్లలో ఇంటిపేరు లేదు, కులాన్ని పట్టించే తోక లేదు. కులం తెలియని పేరుతో రాయాలన్న కోరిక ఈనాటికీ ఎంతోమంది యువ రచయితల్లో ఉంది. ఆ కోరిక న్యాయమైనది. అయితే ప్రకటనలాంటి పేరు పెట్టుకునేటప్పుడు ఇరవై ఏళ్ల వయసులో నిప్పులా అనిపించిన మాటను అరవై ఏళ్ల వయసులో కూడా మొయ్యవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆ దిగంబర కవులు దాన్ని మోయగలిగారు, ఎందుకంటే వారి రచన ఆ పేరుకు తగినట్టే ఉంది.

ఎంచుకున్న పేరును పది రోజులపాటు పరీక్షించండి. ఫోనులో ఒకసారి చెబితే ఎదుటివారు తప్పు లేకుండా రాసుకోగలగాలి. ముఖచిత్రం మీద పెద్ద అక్షరాల్లో వేసి చూడాలి. ఇంటర్నెట్‌లో వెతికి చూడడం ఈనాడు అన్నిటికంటే ముఖ్యం. వేగుంట మోహనప్రసాద్ 'మో' అనే ఒక్క అక్షరంతో రాసి ఆ అక్షరానికే గౌరవం తెచ్చారు, కానీ ఇప్పుడు కొత్తగా వచ్చేవారు ఒక్క అక్షరంతోనో, 'వెన్నెల', 'స్నేహ' వంటి నిత్యవ్యవహార పదంతోనో వస్తే వెతికే పాఠకుడికి వారు ఎప్పటికీ కనిపించరు. ఆ పదానికి ముందు ఊరి పేరో ఇంటిపేరో చేరిస్తే ఈ చిక్కు తీరుతుంది.

అదే పేరుతో ఇంకొకరు రాస్తున్నారేమో చూసుకోవాలి. పాత వారపత్రికల్లో రాసి ఇప్పుడు మానేసినవారు ఇంటర్నెట్‌లో దొరకరు కాబట్టి, కథలు విస్తారంగా చదివిన ఒక పెద్దను అడగడం, శ్రీకాకుళంలోని కథానిలయం వంటి కథల గ్రంథాలయాల్లో ఉన్న పాత సంచికలను తిరగేయడం మంచిది. తమిళంలో ఎస్. రంగరాజన్ రాయడం మొదలుపెట్టేనాటికే మరో రంగరాజన్ ప్రసిద్ధ రచయితగా ఉన్నారు. ఆ గందరగోళం రాకుండా ఆయన తన భార్య పేరు సుజాతను కలం పేరు చేసుకున్నారు, ఆ పేరుతోనే తమిళ విజ్ఞాన సాహిత్యంలోనూ అపరాధ పరిశోధన కథల్లోనూ తరాల పాఠకులను సంపాదించుకున్నారు.

వర్ణక్రమాన్ని మొదటిరోజే స్థిరపరచుకోండి. ఓల్గా గారి పేరు కొన్నిచోట్ల ఓల్గా అనీ కొన్నిచోట్ల వోల్గా అనీ అచ్చయింది. అంతటి రచయిత్రికి అది నష్టం కాకపోవచ్చు, కొత్తవారికి మాత్రం గ్రంథాలయ జాబితాల్లో ఇద్దరు మనుషులుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో ఖాళీ ఉందా, కలిపి రాయాలా, హ్రస్వమా దీర్ఘమా, రోమన్ లిపిలో ఏ అక్షరాలు అన్నది ఒక కాగితం మీద రాసి ప్రతి సంపాదకుడికీ అదే పంపాలి.

మనది కాని జీవితాన్ని పేరుతో తొడుక్కోవడం

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. స్త్రీల నవలలు వారపత్రికలను ఏలిన కాలంలో ఆడపేర్లతో రాసిన మగవారు తెలుగులో ఉన్నారు. పురాణం సుబ్రహ్మణ్య శర్మ 'ఇల్లాలి ముచ్చట్లు' శీర్షికను పురాణం సీత పేరుతో నడిపారు. ఒక ఇల్లాలి గొంతులో లోకం మీద వ్యాఖ్యానం చేయడం ఆ శీర్షిక రచనాపద్ధతిలోనే ఉంది, పేరు ఆ పాత్రలో భాగం. తమిళనాడు నుంచి తెనాలి వచ్చి హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, తెలుగు నవలలు రాసి 1955లో చిన్నవయసులోనే పోయిన ఎస్. నటరాజన్ కూడా శారద అనే పేరుతోనే రాశారు. ఆయన ఆ పేరు వెనుక ఇంకెవరి బతుకునూ తనదిగా చెప్పుకోలేదు, రాసింది తాను చూసిన పేదల జీవితాన్నే.

స్పెయిన్‌లో జరిగింది వేరు. కార్మెన్ మోలా అనే రచయిత్రి నేరనవలలకు మంచి పేరు వచ్చింది. ఆమె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుందనీ, ముగ్గురు పిల్లల తల్లి అనీ ప్రచారం జరిగింది. 2021లో పది లక్షల యూరోల ప్లానెటా బహుమతి అందుకోవడానికి వేదిక మీదకు ముగ్గురు మగవారు వచ్చారు. స్త్రీల రచనల కోసమే నడిచే మాడ్రిడ్ పుస్తకాల దుకాణం ఒకటి ఆ పుస్తకాలను తీసేసింది. అక్కడ అభ్యంతరం పేరు గురించి మాత్రమే కాదు, ఆ పేరుకు కల్పించిన జీవితం గురించి.

అందువల్ల ఈ గీత గీసుకోమని చెబుతాను. ఏ పేరైనా పెట్టుకోండి, కానీ పేరు కింద వేసే పరిచయ వాక్యాల్లో అబద్ధం రాయకండి. ఇష్టం లేకపోతే పరిచయమే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. ముఖ్యంగా దళిత, ముస్లిం, ఆదివాసీ రచయితల సంకలనానికి గాని, స్త్రీలకు మాత్రమే పెట్టిన పోటీకి గాని మీకు చెందని అస్తిత్వాన్ని సూచించే పేరుతో పంపడం అంటే, ఎంతో పోరాడి సంపాదించుకున్న కొద్దిపాటి చోటును ఇంకొకరి దగ్గర నుంచి లాక్కోవడమే.

ఇద్దరు ఒకే పేరుతో రాసేటప్పుడు

న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ బీనాదేవి అనే ఒకే పేరుతో రాశారు. జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతులు వసుంధర పేరుతో రాశారు. దంపతులైనా స్నేహితులైనా ఇలా రాయదలిస్తే ఒక్క పేజీ ఒప్పందం రాసి ఇద్దరూ సంతకం చేసుకోవాలి. డబ్బు ఎవరి ఖాతాకు వస్తుంది, ఎలా పంచుకుంటారు, ఒకరు మానేస్తే లేక మరణిస్తే రెండోవారు అదే పేరుతో కొనసాగవచ్చా, సినిమా హక్కులు అమ్మాలంటే ఇద్దరి అంగీకారమూ కావాలా అన్నవి అందులో ఉండాలి. స్నేహంగా ఉన్నప్పుడు ఇది అడగడం మొహమాటంగా ఉంటుంది, అయినా స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

సంపాదకుడు, పోటీ, పారితోషికం

సంపాదకుడికి అసలు పేరు చెప్పడమే సరైన పద్ధతి. కథ పంపే లేఖలో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాసి, "దయచేసి రచనను ఈ కలం పేరుతోనే ప్రచురించండి, అసలు పేరు, చిరునామా ప్రచురించవద్దు" అని ఒక వాక్యం స్పష్టంగా చేర్చండి. ఈ వాక్యం లేకపోతే కథ చివర మీ ఫోన్ నంబరు అచ్చయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే మన పత్రికల్లో అలా వేయడం చాలాచోట్ల అలవాటు.

కథల పోటీల్లో సాధారణంగా కథ పేజీల మీద పేరు ఉండకూడదని, విడిగా హామీపత్రం జతచేయాలని నియమం ఉంటుంది. హామీపత్రంలో కలం పేరుతో పాటు అసలు పేరు కూడా రాసి, అసలు పేరుతోనే సంతకం చేయాలి. ఎందుకంటే ఆ కథ మీ సొంతమని, అనువాదం కాదని, వేరేచోట పరిశీలనలో లేదని పూచీపడుతున్నది పేరు కాదు, మనిషి.

కలం పేరు మీద రాసిన చెక్కు మీ ఖాతాలో జమ కాదు. కాబట్టి పారితోషికం వివరాల్లో బ్యాంకు ఖాతాలో ఉన్న పేరునే ఇవ్వాలి. ప్రచురణ సంస్థ పన్ను మినహాయించుకుంటే అది పాన్ నంబరు మీద నమోదవుతుంది, అది కూడా అసలు పేరే. రాయల్టీ ఏ పేరుతో వచ్చినా మీ ఆదాయమే కాబట్టి పన్ను లెక్కల్లో చూపించాలి. పుస్తకాన్ని సొంతంగా వేసుకునేవారు న్యూఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ నుంచి పుస్తకాన్ని గుర్తించే ఐ.ఎస్.బి.ఎన్. నంబరును ఉచితంగా పొందవచ్చు. దరఖాస్తుకు గుర్తింపు పత్రాలు అసలు పేరుతో ఇవ్వాలి, పుస్తకం మీద రచయిత పేరుగా కలం పేరు వేసుకోవచ్చు.

ఒప్పంద పత్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రచురణ ఒప్పందం గాని, సినిమా హక్కుల ఒప్పందం గాని కలం పేరుతో మాత్రమే సంతకం చేయకూడదు. అమెరికాలో జె.టి. లెరాయ్ అనే యువ రచయితను సృష్టించిన లారా ఆల్బర్ట్ సినిమా ఒప్పందం మీద ఆ లేని మనిషి పేరుతో సంతకం చేశారు. సంగతి బయటపడ్డాక సినిమా సంస్థ దావా వేసింది, 2007లో న్యూయార్క్ జ్యూరీ అది మోసమేనని తేల్చి నష్టపరిహారం చెల్లించమంది. నవల మీద ఆ పేరు వేసుకున్నందుకు ఎవరూ శిక్షించలేదు, ఒప్పందం మీద వేసినందుకే శిక్ష పడింది. మీ ఒప్పందంలో "ఫలానా అనే కలం పేరుతో రచనలు చేస్తున్న" అని చేర్చి, ముందు అసలు పేరు, తండ్రి పేరు, చిరునామా ఉండేలా చూసుకోండి. రహస్యం కావాలంటే ప్రచురణకర్త ఈ వివరాలను బయటపెట్టరాదన్న షరతును అదే పత్రంలో చేర్చుకోవాలి.

చట్టం ఏం చెబుతుంది

మన 1957 నాటి కాపీరైటు చట్టం కలం పేరును గుర్తిస్తుంది. అసలు పేరుతో రాసిన సాహిత్య రచనకు రచయిత జీవితకాలమూ, మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లూ రక్షణ ఉంటుంది. మారుపేరుతో వచ్చిన రచనకు 23వ సెక్షను ప్రకారం తొలి ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు మాత్రమే. ఆ గడువు లోపల రచయిత ఎవరో వెల్లడైతే మళ్లీ మరణానంతరం 60 ఏళ్ల లెక్కే వర్తిస్తుంది. పాతికేళ్ల వయసులో పుస్తకం వేసి ఎనభై ఐదేళ్లు జీవించిన రచయిత చివరివరకూ బయటపడకపోతే, దాదాపు ఆయన పోయేనాటికే ఆ పుస్తకం మీద హక్కు తీరిపోతుంది. వెల్లడైతే ఆయన వారసులకు ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. తేడా ఎంత పెద్దదో చూడండి.

54వ సెక్షను మరో సంగతి చెబుతుంది. రచయిత ఎవరో బహిరంగం అయ్యేదాకా, హక్కుల ఉల్లంఘనపై దావాలకు సంబంధించినంత వరకు ప్రచురణకర్తనే యజమానిగా చూస్తారు. అంటే మీ కథను ఎవరైనా ఎత్తుకుపోతే పోరాడవలసింది ఆయన. నమ్మకం లేని ప్రచురణకర్తకు రహస్య రచయిత పుస్తకం ఇవ్వకూడదనడానికి ఇదొక కారణం. హక్కును నమోదు చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే ఆ రిజిస్టరును ఎవరైనా తనిఖీ చేయవచ్చు. స్టీఫెన్ కింగ్ రిచర్డ్ బాక్‌మన్ పేరుతో రాస్తున్న సంగతిని 1985 ప్రాంతంలో బయటపెట్టింది వాషింగ్టన్‌లోని ఒక పుస్తకాల దుకాణం ఉద్యోగి. శైలిని చూసి అనుమానించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కాపీరైటు దస్తావేజులు వెతికితే ఒక నవల నమోదులో కింగ్ పేరే ఉంది.

ప్రభుత్వోద్యోగులకు మరింత జాగ్రత్త అవసరం. 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి ప్రకారం కేవలం సాహిత్య, కళా, శాస్త్ర స్వభావం ఉన్న రచనకు ముందస్తు అనుమతి అక్కరలేదు. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడాన్ని నిషేధించిన 9వ నియమంలో మాత్రం సొంత పేరుతో అయినా, పేరు లేకుండా అయినా, మారుపేరుతో అయినా, ఇంకొకరి పేరుతో అయినా అని స్పష్టంగా రాసి ఉంది. రాష్ట్రాల నియమావళులు వేరుగా ఉన్నాయి, మీ శాఖకు వర్తించేది తెప్పించుకుని చదవండి. అలాగే పరువునష్టం దావా వస్తే కలం పేరు అడ్డుపడదు. న్యాయస్థానం అడిగినప్పుడు పత్రిక మీ పేరు చెప్పవలసి వస్తుంది.

రహస్యం ఎక్కడ జారిపోతుంది

2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన నేరనవల జె.కె. రౌలింగ్‌దని మూడు నెలల్లోనే తేలిపోయింది. ఆమె తరఫు న్యాయవాద సంస్థలో ఒకరు తన భార్య స్నేహితురాలికి చెప్పారు, ఆ స్నేహితురాలు ట్విట్టర్‌లో ఒక పాత్రికేయురాలికి చెప్పింది. ఆ పాత్రికేయురాలి పత్రిక భాషా విశ్లేషకుల చేత పాఠాన్ని పోల్చి చూపించింది. పదాల పొడవు, తరచూ వాడే చిన్న మాటలు, పక్కపక్కన వచ్చే మాటల జతలు కూడా రౌలింగ్ వైపే చూపాయి. 1990ల నుంచి ఎలీనా ఫెరాంటే పేరుతో రాస్తూ ఒక్క సభకూ రాని ఇటలీ రచయిత్రి విషయంలో, 2016లో ఒక పాత్రికేయుడు చెల్లింపుల, ఆస్తుల దస్తావేజులను ఆధారం చేసుకుని ఒకరి పేరు ప్రకటించాడు. రచయిత్రి వద్దన్నా వెంటపడటం తప్పని చాలామంది పాఠకులు కోపగించుకున్నారు, నేనూ వారితో ఏకీభవిస్తాను. రహస్యం కోరుకునేవారు గమనించవలసింది మాత్రం మనిషి నోరు, డబ్బు దారి, భాష అనే మూడింటిలో ఏదో ఒకటి వారిని పట్టిస్తుందని.

నోటి విషయంలో చేయగలిగింది ఒక్కటే. తెలిసినవారి సంఖ్య రెండు మూడుకు మించనివ్వకండి. డబ్బు విషయంలో, యూపీఐ ద్వారా ఎవరైనా మీకు పంపబోతే తెర మీద బ్యాంకు ఖాతాలోని పేరు కనిపిస్తుందని మరచిపోకండి. పుస్తకాలు నేరుగా అమ్మవద్దు, ప్రచురణకర్త ద్వారా అమ్మించండి. పాఠకులకు ఇచ్చే ఫోన్ నంబరు ఉండకపోవడమే మంచిది, ఎందుకంటే మీ మిత్రులు తమ ఫోనుల్లో దాచుకున్న పేరు ట్రూకాలర్ వంటి వాటిలో అపరిచితులకు కనిపిస్తుంది. కలం పేరుకు వేరే ఈమెయిల్ తెరిచి, దాన్ని సొంత నంబరుతో ముడిపెట్టకండి. కథను టైపు చేసిన ఫైలులో కంప్యూటరు యజమాని పేరు రచయితగా నమోదై ఉంటుంది, పంపే ముందు ఫైలు వివరాలు తెరిచి దాన్ని తీసేయండి. డి.టి.పి. చేసేవారికి ఇచ్చే కాగితాల మీద కూడా కలం పేరే ఉండాలి.

భాష అన్నిటికంటే కష్టమైనది, తెలుగులో మరీ కష్టం. అమ్మమ్మను ఏమని పిలిచారు, తండ్రిని నాయనా అన్నారా బాపూ అన్నారా అయ్యా అన్నారా, వంటింట్లో గిన్నెను ఏ మాటతో చెప్పారు అన్నది చదివితే తెలిసినవారు జిల్లా చెప్పగలరు, కొన్నిసార్లు మండలం కూడా. రహస్యం కోసం ఈ మాటలన్నీ తీసేసి ఎక్కడిదీ కాని తెలుగులో రాయమని నేను చెప్పను, దానివల్ల కథే చచ్చిపోతుంది. ఊరి పేరు మార్చండి, వృత్తి మార్చండి, అందరికీ తెలిసిన ఆ కుటుంబపు సంఘటనను వాడకండి, మాటను మాత్రం ఉంచండి. మీ సొంత పేరుతో ఫేస్‌బుక్‌లో రాసిన వాక్యాన్ని, పోలికను మళ్లీ కథలో వాడకపోవడం కూడా అవసరం.

వెల్లడి, వారసులు

ఎప్పుడైనా బయటపడాలనిపిస్తే అది మీ అంతట మీరే చేయడం మంచిది. కొత్త పుస్తకం ముందుమాటలో అసలు పేరు, కలం పేరు, అప్పటిదాకా ఆ పేరుతో వచ్చిన రచనల జాబితా, అచ్చయిన పత్రిక, సంచిక తేదీతో సహా ఇస్తే పాఠకుడికీ పరిశోధకుడికీ చట్టానికీ సరిపోతుంది. 23వ సెక్షను ప్రకారం వెల్లడి రచయిత, ప్రచురణకర్త ఇద్దరివైపు నుంచీ జరిగితే వివాదం ఉండదు కాబట్టి ప్రచురణకర్త మాట కూడా అదే పుస్తకంలో వేయించండి.

జీవించి ఉండగా బయటపడటం ఇష్టం లేనివారు వీలునామాలో ఒక పేరా చేర్చాలి. ఫలానా కలం పేరుతో వచ్చిన రచనలన్నీ నావేనని, వాటి హక్కులు ఫలానా వారికి చెందుతాయని, నా మరణం తరువాత అసలు పేరు ప్రకటించవచ్చునని లేదా ప్రకటించరాదని అందులో రాయాలి. పత్రికల నుంచి వచ్చిన అంగీకార లేఖలు, పారితోషికం రసీదులు, చేతిరాత ప్రతులు, ఒప్పందాల నకళ్లు ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో వీలునామా అమలు చేసేవారికి చెప్పాలి. రచనలు ఉన్న ఈమెయిల్ ఖాతా సంకేతపదం కూడా ఆ కవరులోనే ఉండాలి, అది మార్చినప్పుడల్లా కాగితం మీద కూడా మార్చి రాయాలి.